అత్తగారి రైతు జెముడు

గుడ్రున్ హైబర్లేకి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. ఆ మేడలో ఆరు కాపురాలున్నాయి. మెట్లు ఊడ్చి తుడిచే వంతు ఒక్కో ఇంటికి ఆరు వారాలకోసారి వస్తుంది. వంతు ఎవరిదైతే వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక వేలాడుతుంది. గుడ్రున్‌కి ఆ పలక ఉన్నా లేకపోయినా ఒకటే. పక్కవాళ్ళు తమ వంతు ముగించి లోపలికి వెళ్ళడమే ఆలస్యం, చీపురు పట్టుకుని బయటికి వచ్చి, వాళ్ళు వదిలేసిన మూలలు తను ఊడ్చేది. పై అంతస్తు ఐసెలె గారు దీన్ని ఇరవై ఏళ్ళుగా అవమానంగానే తీసుకుంటోంది. తీసుకోదూ మరి?

ఫిబ్రవరి మూడో వారంలో, ఒక సోమవారం పొద్దున్న, కూతురి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మూడేళ్ళలో అదే మొదటిది. ఉన్నది నాలుగే ముక్కలు: "అమ్మా, నానమ్మ జెముడు మొక్క ఇంకా బతికే ఉందా? ఉంటే మే నెలాఖరున పెంతెకొస్తు పండగ సెలవుల్లో వచ్చి తీసుకెళ్తాను. లేకపోతే ఆ మాటే రాయి, రాను. అల్ముట్."

అల్ముట్ ఆమెకి ఒక్కగానొక్క కూతురు. మూడేళ్ళ క్రితం ఆ పిల్ల బ్రేమెన్‌లో అద్దె గదిలో ఉంటూ నాటకాలకి రంగస్థలం కట్టే చదువు చదువుతుండేది. గుడ్రున్ దగ్గర ఆ గదికి మారు తాళంచెవి ఒకటి ఉండేది. కూతురు ఊళ్ళో లేని రెండు రోజులు చూసుకుని, రైలెక్కి వెళ్ళి, గదంతా కడిగి అద్దంలా చేసి పెట్టింది. పదకొండు సంచుల చెత్త బయటపడేసింది. ఆ చెత్తలో అట్టముక్కలూ పుల్లలూ గుడ్డపీలికలూ అతికించిన బొమ్మ ఇళ్ళు కూడా ఉన్నాయి. అవి అల్ముట్ ఆఖరి పరీక్ష కోసం ఆరు నెలలు కూర్చుని చేసుకున్న నమూనాలు. ఆ పిల్ల తిరిగొచ్చి, గది చూసి, అరవలేదు, ఏడవలేదు. "తాళంచెవి ఇచ్చెయ్" అంది. అంతే. తర్వాత ఫోను నంబరు మార్చేసింది.

కన్నతల్లి ఇల్లు శుభ్రం చెయ్యడం కూడా తప్పేనా అని మొదటి ఏడాదంతా గుడ్రున్ కనపడ్డ వాళ్ళందరినీ అడిగింది. రెండో ఏడాది అడగడం మానేసింది. మూడో ఏడాదికి జవాబు తెలిసింది గానీ, ఆ జవాబు చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేదు.

కార్డు చదివిన పావుగంటలో ఆమె బదులు రాసేసింది: "ఉంది. నిగనిగలాడుతోంది. తప్పకుండా రా." ఆలస్యం అమృతం విషం అనే రకం కదా, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వీధి చివరి పోస్టు డబ్బాలో పడేసి వచ్చింది. వచ్చి, కాఫీ పెట్టుకుని, ఒక గుక్క తాగాక గుర్తొచ్చింది. ఆ మొక్క ఎక్కడుందో తనకి తెలియదు.

అత్తగారు పోయి ఐదేళ్ళయింది. ఆవిడ వంటింటి కిటికీలోంచి ఆ కుండీని అల్ముట్టే మోసుకొచ్చింది. "చలికాలం కింద బట్టలుతికే గది కిటికీలో పెట్టమ్మా. అక్కడ చల్లగా ఉంటుంది. నీళ్ళు పొయ్యొద్దు. వసంతంలో పైకి తీసుకురా, మర్చిపోకు" అని చెప్పి వెళ్ళింది. గుడ్రున్ కింద పెట్టడం వరకు చేసింది. పైకి తేవడం మర్చిపోయింది. ఒక వసంతం కాదు, ఐదు వసంతాలు.

బట్టలుతికే గది నేలమాళిగలో ఉంది. దాని కిటికీ గట్టు మీద మేడలో అందరూ చలికాలపు మొక్కలు పెడతారు. ఆ రోజు అక్కడ నాలుగు కుండీలు మిగిలున్నాయి. ఒకదాంట్లో వట్టి పుల్ల. ఒకదాంట్లో ఎండిన అప్పడాల్లాంటి చదును ముక్కలు. ఒకదాంట్లో మూరెడు పొడుగున, గోధుమరంగు బెరడు కట్టి, ఎండబెట్టిన సొరకాయలా ముడతలు పడి గోడకి వాలిన ఏదో ఆకారం. నాలుగోది గుండ్రంగా, బంతిలా, బంగారు రంగు ముళ్ళతో, దుమ్ము కొట్టుకుని ఉంది.

గుడ్రున్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. అత్తగారి కిటికీలో మొక్క గుండ్రంగా ఉండేది. ముళ్ళుండేవి. వేసవిలో ఒక సాయంత్రం జానెడు పొడుగు తెల్లటి పువ్వు పూసేది, ఆ పూట ఇరుగుపొరుగు అందరినీ కాఫీకి పిలిచేవారు. అంతకు మించి ఏమీ గుర్తు రాలేదు. అత్తగారి మీద ఉన్న ప్రేమ అలాంటిది, ఆ కిటికీ వైపు ఆమె పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తిన్నగా చూడలేదు.

గుండ్రంగా ఉన్నది ఒకటే. దాన్ని పైకి తెచ్చి, సబ్బు నీళ్ళలో పాత పళ్ళబ్రష్షు ముంచి, ముల్లు ముల్లుకీ తోమింది. వేళ్ళకి పదిహేడు చోట్ల గుచ్చుకుంది, లెక్కచెయ్యలేదు. మిగతా మూడూ ఎవరివని మెట్ల మీద అందరినీ అడిగింది. అందరూ మాది కాదంటే మాది కాదన్నారు. ఇంకేం, మూడింటినీ మట్టితో సహా తడిచెత్త డబ్బాలో వేసి, కుండీలు కడిగి బోర్లించి, కిటికీ గట్టు తుడిచేసింది. పని పూర్తయ్యాక ప్రాణం కొంచెం కుదుటపడింది.

కానీ ఎంతసేపు? రాసింది "నిగనిగలాడుతోంది" అని. తోమాక బాగానే కనిపిస్తోంది గానీ, పూస్తుందా? గురువారం పొద్దున్నే ఆ బంతిని తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, ఊరివాళ్ళు చెక్కలుగా అద్దెకి తీసుకుని సాగుచేసుకునే కొండ మీది తోటలకి వెళ్ళింది. అక్కడ షాయ్‌ఫెలె అనే ఎనభై ఏళ్ళాయనకి ఒక అద్దాల కొట్టం, అందులో మూడు వందల జెముళ్ళు ఉన్నాయి. ఊళ్ళో ఎవరి ముళ్ళ మొక్కకి ఏం జబ్బు చేసినా ఆయన దగ్గరికే వెళ్తారు.

ఆయన తువ్వాలు విప్పి చూసి, ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేమిటమ్మా, సబ్బు వాసన?"

"కడిగానండీ. దుమ్ము పట్టి ఉంటేనూ."

"పసిపిల్లకి పోసినట్టు తలంటు పోశావన్నమాట. సరే, ఎవరిదిది?"

"మా అత్తగారిది. ప్రతి వేసవీ పూసేది. తెల్లటి పువ్వు, ఇంత పొడుగు. ఈ ఏడు పెంతెకొస్తుకి పూయాలి. మా అమ్మాయి వస్తోంది."

షాయ్‌ఫెలె గారు ఆమెని ఒకసారి, బంతిని ఒకసారి చూశాడు. "ఇది పూయదమ్మా. మన కిటికీల్లో దీని పువ్వు చూసినవాడిని ఇంతవరకు నేను చూడలేదు. దీని పేరేమిటో తెలుసా? అత్తగారి పీట."

"వెటకారాలొద్దండీ."

"వెటకారం నాది కాదు, పేరు పెట్టినవాడిది. ఏ అత్త ఎవర్ని కూర్చోబెట్టిందో నాకేం తెలుసు? మీ అత్తగారి దగ్గరున్నది ఇది కాదు. ఇటు రా."

కొట్టం చివర, చల్లటి మూల, అరచెయ్యంత వెడల్పు కుండీల్లో వరసగా కొన్ని ముసలి మొక్కలున్నాయి. కొన్ని బంతుల్లా ఉన్నాయి, కొన్ని మోచెయ్యంత పొడుగు సాగాయి. అన్నిటి ఒంటి మీదా చిన్న చిన్న పిలకలు.

"రైతు జెముడు అంటాం దీన్ని. మన పల్లెల్లో ప్రతి ఆవుల కొట్టం కిటికీలోనూ ఒకటుండేది. పూసేది ఇదే, సాయంత్రం విచ్చి మర్నాటికి వాడిపోతుంది. చిన్నప్పుడు గుండ్రంగా ఉంటుంది. ముసలిదయ్యేకొద్దీ పొడుగు సాగుతుంది. మొదలు బెరడు కడుతుంది. చీకట్లో పడేస్తే ఇంకా..."

"గోధుమరంగులోకి వస్తుందా?" అంది గుడ్రున్.

"వస్తుంది."

"ఎండిన సొరకాయలాగా?"

"అచ్చంగా అలాగే. ఎక్కడుంది?"

"తడిచెత్తలో."

"చెత్త బండి ఎప్పుడొస్తుంది మీ వీధికి?"

"గురువారం."

ఆయన గోడ మీది కేలండరు వైపు చూశాడు. గుడ్రున్ బంతిని ఆయన చేతుల్లోనే వదిలేసి పరుగు తీసింది.

బస్సు తొమ్మిది నిమిషాలకి వచ్చింది. ఆ తొమ్మిది నిమిషాలూ ఆమె కాలు కాలిన పిల్లిలా ఆ చివర్నించి ఈ చివరికి తిరిగింది. మూడు కుండీల మట్టిలో ఒక కట్టెముక్క, అంతేగా, పోతే పోయిందని ఒకసారి అనుకుంది. మళ్ళీ కార్డు గుర్తొచ్చింది. 'లేకపోతే ఆ మాటే రాయి, రాను.' లేదని రాయడం ఒక ఎత్తు. ఎలా పోయిందో రాయడం ఇంకో ఎత్తు. నీ వస్తువు మళ్ళీ నేనే చెత్తలో పారేశానే అని ఏ చేత్తో రాస్తుంది?

వీధి మలుపు తిరిగేసరికి బండి రెండిళ్ళ అవతలే ఉంది. డబ్బాలన్నీ వరసగా వీధి గట్టు మీద నిలబెట్టి ఉన్నాయి. గుడ్రున్ తమ డబ్బా మూత ఎత్తి, నడుము దాకా లోపలికి వంగింది. కాఫీ పిప్పి, బంగాళాదుంప తొక్కలు, గుడ్డు పెంకులు, ఎవరో పారేసిన నిన్నటి పప్పు. పైనుంచి కిటికీ తెరుచుకున్న చప్పుడయింది.

"హైబర్లే గారూ, ఇక చెత్త కూడా సర్దుతున్నారా?" ఐసెలె గారు ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన అవకాశం అది. వదులుకుంటుందా!

గుడ్రున్ తల ఎత్తలేదు. నారింజ రంగు కోటు వేసుకున్న బండి మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఏం పోయింది? ఉంగరమా?"

"కూతురు" అనేసింది గుడ్రున్. అని, నాలిక కరుచుకుని, "కూతురి మొక్క. ఒక్క నిమిషం బాబూ" అంది.

ఆయన చేతి తొడుగులు బిగించి, డబ్బాని పక్కకి వంచి పట్టుకున్నాడు. పప్పు కింద, మట్టి ముద్దల మధ్య, అడుగున దొరికింది. మధ్యకి విరిగి రెండు ముక్కలైంది. మొదలు వైపు ముక్క పిసికితే వేళ్ళ మధ్య చితికిపోయింది. కొస ముక్క గట్టిగా ఉంది.

"బతుకుతుందా ఇది?" అన్నాడు బండి మనిషి.

"బతక్క చస్తుందా!" అంది గుడ్రున్, ఏం అంటోందో తనకే తెలియకుండా.

షాయ్‌ఫెలె గారు ఆ ముక్కని దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ముడతల మధ్య చిన్న గుండ్రటి మచ్చలు వేలితో చూపించాడు. "ఇవి పిలకలు విరిచిన చోట్లు. ఎంతమందికి పంచిందో మీ అత్తగారు! ఇదే అది, సందేహం లేదు." తర్వాత ఒక పలచటి కత్తి తెచ్చి, దోసకాయ తరిగినట్టు కింది నుంచి బిళ్ళలు కోశాడు. మొదటి బిళ్ళ మధ్యలో గోధుమరంగు కుళ్ళు చుక్కలు. రెండోదాంట్లోనూ ఉన్నాయి. నాలుగో బిళ్ళకి లోపలంతా శుభ్రంగా, లేత ఆకుపచ్చగా వచ్చింది. మిగిలింది పిడికిలంత.

"విను. ఈ కోత ఎండాలి, నాలుగు వారాలు. తర్వాత వట్టి గులకరాళ్ళ మీద నిలబెట్టు. వేళ్ళు వచ్చేదాకా నీళ్ళు చుక్క కూడా వద్దు. ఎత్తి చూడొద్దు. తిప్పొద్దు. కడగొద్దు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

"రోజూనా?"

"రోజూ" అన్నాడు ముసలాయన. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే. ఆ, ఆ పీట కూడా తీసుకుపో, నా దగ్గర చోటు లేదు."

అత్తగారి పీట వంటింటి కిటికీలోకి వెళ్ళింది. పిడికిలంత ముక్క సామాన్ల గదిలో, ఉత్తరం వైపు అరమీద కూర్చుంది. ఆ రోజునుంచి గుడ్రున్ ఇంట్లో శుభ్రం కాని వస్తువు మిగల్లేదు. తెరలు ఉతికింది. పొయ్యి వెనక గోడ కడిగింది. చెంచాల సొరుగు వారంలో మూడుసార్లు సర్దింది. సామాన్ల గది తలుపు ఒక్కటి మాత్రం తెరవకూడదనుకుంది. ఆ తలుపు ముందు నుంచి రోజుకి నలభైసార్లు నడిచేది. తెరిచి, దూరం నుంచి చూసి, మూసేది. మార్చి గడిచింది. నాలుగు వారాలు ఆగింది. గులకరాళ్ళ మీద పెట్టింది. మళ్ళీ ఆగింది. తన జీవితంలో అంత కష్టపడిన కాలం లేదని ఆమె నమ్మకం. చేసిన పనేమో ఏమీ లేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు ముక్క ఇంకొంచెం ముడతలు పడినట్టు అనిపించింది. దాహమేస్తోందేమో పాపం అనుకుంది. ఒక చెంచాడు నీళ్ళు పోసింది. చెంచాడే కదా. రెండు రోజులాగి, ఏమీ కాలేదని, ఇంకో చెంచా పోసింది. ఎనిమిదో రోజుకి కింద వేలు పెడితే మెత్తగా దిగింది.

షాయ్‌ఫెలె గారు ఈసారి వెటకారం ఆడలేదు. నిజంగా కోపగించుకున్నాడు. "నీళ్ళు లేక ఐదేళ్ళు బతికింది. నీ ప్రేమతో పది రోజులు బతకలేకపోయింది. చూశావా!" మళ్ళీ బిళ్ళలు కోశాడు. ఈసారి మిగిలింది నిమ్మకాయంత. "ఇంకోసారి కోయడానికి ఇందులో మొక్క లేదమ్మా. జూలై ఆఖరు దాకా దీని జోలికి వెళ్ళకు. బతికితే అప్పటికి వేరు వేస్తుంది. కదిపితే చస్తుంది. ఇంక నా దగ్గరికి తేవద్దు."

బస్సులో గుడ్రున్ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. మొక్క కోసం కాదు. "నీ ప్రేమతో" అన్నాడే, అందుకు.

పెంతెకొస్తు దగ్గరపడింది. వంటింటి కిటికీలో అత్తగారి పీట ఎండ తగిలి పచ్చగా ఉబ్బింది, ముళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి. చెత్త డబ్బా కథ మేడంతా తెలిసిపోయింది కాబట్టి ఐసెలె గారు మెట్ల మీద ఆపి మరీ సలహా చెప్పింది. "గుండ్రంగా ఉందిగా, అది చాలదూ? ఐదేళ్ళయింది, ఆ పిల్లకి మాత్రం ఏం గుర్తుంటుంది? ఇదే అది అని చెప్పు, సంతోషంగా తీసుకుపోతుంది." గుడ్రున్‌కి ఒళ్ళు మండింది, ఎందుకంటే రాత్రీ పగలూ తను అనుకుంటున్నదీ అదే. చెబితే పిల్ల నవ్వుకుంటూ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. చెప్పకపోతే నిమ్మకాయంత ముక్క చూపించాలి, దాని వెనక కథ చెప్పాలి.

శనివారం మూడింటికి అల్ముట్ వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. సన్నబడింది. గుడ్రున్ నోట్లో పన్నెండు ప్రశ్నలు ఒకేసారి బయల్దేరాయి, అన్నిటినీ మింగేసింది. బల్ల మీద జడలా అల్లిన తీపి రొట్టె, కాఫీ. అల్ముట్ గుమ్మంలోనే ఆగి, కిటికీ వైపు చూసింది. ఎదురెండలో ఆకుపచ్చటి బంతి ఆకారం.

"బతికే ఉందే!" అంది. మూడేళ్ళలో తల్లి విన్న మొదటి మెత్తటి మాట అది. "నిజంగా నువ్వే చూసుకున్నావా అమ్మా? ఇన్నాళ్ళూ?"

కావలసిందల్లా తల ఊపడం. గుడ్రున్ తల సగం ఊగింది కూడా.

"కాదు" అంది. "అది నీది కాదు. ఎవరో ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళది. నీదాన్ని ఐదేళ్ళపాటు కింది గదిలోనే వదిలేశాను. ఫిబ్రవరిలో దాన్ని గుర్తుపట్టక చెత్తలో పారేశాను."

అల్ముట్ మొహం మీది వెలుగు పోయింది. భుజానికున్న సంచి మళ్ళీ సర్దుకుంది. ఇంకో క్షణంలో వెనక్కి తిరుగుతుందని గుడ్రున్‌కి తెలిసిపోయింది. అయినా ఆపలేదు.

"నీ బొమ్మ ఇళ్ళు కూడా నేనే పారేశాను" అంది. "చెత్త అనుకోలేదే. చూశాను, జిగురుతో అతికించి ఉన్నాయి, నువ్వు చేసినవని తెలుసు. అయినా పారేశాను. గది ఖాళీగా, శుభ్రంగా కనపడాలని. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు నేను. తప్పు చేశాను."

బల్ల మీద కాఫీ చల్లారింది.

"చెత్తలోంచి మళ్ళీ తీశావా?" అంది అల్ముట్ చివరికి.

"తీశాను. బండి వచ్చేలోపల."

"ఎక్కడుంది?"

సామాన్ల గది తలుపు తెరిచింది. అరమీద, గులకరాళ్ళ మీద, ముడతలు పడిన నిమ్మకాయంత ముక్క. అల్ముట్ దగ్గరికి వంగి, చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!" అని అరిచింది గుడ్రున్.

అల్ముట్ తల తిప్పి తల్లిని చూసింది. ఆ మాట ఆ నోట్లోంచి వస్తుందని ఆ పిల్ల జన్మలో అనుకుని ఉండదు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది, ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నువ్వెన్నిసార్లు ముట్టుకున్నావు?"

"రెండు చెంచాల నీళ్ళు పోశాను, ఏప్రిల్‌లో. అందుకే ఇంతయింది. అప్పట్నుంచి ముట్టుకోలేదు. జూలై ఆఖరు దాకా కదపకూడదట."

"బతుకుతుందా?"

"తెలియదు."

అల్ముట్ ఆ ముక్కని ఇంకోసారి వంగి చూసింది. తర్వాత తలుపు తనే నెమ్మదిగా దగ్గరికి వేసింది. వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని, చల్లారిన కాఫీ సగం తాగి, రొట్టె ముక్క తుంచుకుంది.

"జూలై ఆఖరుకి వస్తాను" అంది.

"తీసుకెళ్ళడానికా?"

"చూడ్డానికి. అప్పటిదాకా దాన్ని కదపకు. నన్ను కూడా. ఫోను చెయ్యకు, ఉత్తరాలు రాయకు, ఎలా ఉన్నావని ఎవరిచేతా అడిగించకు. నాకు అనిపించినప్పుడు నేనే చేస్తాను. ఉండగలవా?"

రెండు నెలలు. ఎక్కడ ఉంటున్నావు, ఏం తింటున్నావు, ఎందుకింత చిక్కిపోయావు, పరీక్ష మళ్ళీ రాశావా, పక్కన ఎవరైనా ఉన్నారా. అన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. గుడ్రున్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"సరే" అంది.